ఓకే కొట్టే ముందు: ఇంట్లో పెద్దల ఫోన్లో యాప్ ఎక్కించే పద్ధతి

నల్లగొండ క్లాక్ టవర్‌కు దగ్గర్లో మాది చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ షాపు. 2025-26 పత్తి సీజన్‌లో కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో రిజిస్టర్ అయి స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. పొడుగు పింజ పత్తికి అప్పటి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధర కావాలంటే యాప్ తప్పదు కాబట్టి, ఫోన్‌లో ఫోటో చూడడం తప్ప ఇంకేం తెలియనివాళ్లు కూడా షాపుకు వచ్చారు.

మునుగోడు దిక్కు నుంచి వచ్చిన ఒక కాక మాత్రం ససేమిరా అన్నాడు. "ఆధార్ అడుగుతున్నరు, పట్టా పాస్‌బుక్ అడుగుతున్నరు. రేపు నా భూమి ఎవడన్న రాయించుకుంటే?" ఆ భయంలో తప్పేం లేదు. కానీ అదే ఫోన్లో 'ఆర్టీఓ చలాన్' అని పేరున్న యాప్ ఒకటి అప్పటికే కూర్చుని ఉంది. వాట్సాప్‌లో వచ్చిందట, నొక్కితే ఎక్కిందట. కాకకు ఉన్న బండి ఒక్క టీవీఎస్ ఎక్సెల్. "ఇదెందుకు వేసినవు కాకా?" అంటే, "మా అల్లుని నంబర్ నుంచి వచ్చింది బిడ్డా, పరాయోడా?" అన్నాడు.

మన జనానికి ప్రైవసీ పట్టదు అని చదువుకున్నవాళ్లు అంటుంటారు. నేను ఒప్పుకోను. పట్టింపు గట్టిగానే ఉంది. కాకపోతే యాప్ ఏం అడుగుతున్నదో చూడకుండా, ఎవరి చేతి నుంచి వచ్చిందో చూసి నమ్ముతున్నాం. ఇందులో నా తప్పు కూడా ఉంది. కౌంటర్ ముందు పది మంది నిలబడి ఉంటే, తెరమీద వచ్చిన ప్రతి బాక్సుకూ చాలా ఏళ్లు నేనే ఓకే కొట్టాను. ఫోన్ వాళ్లది, అందులోని నంబర్లు వాళ్లవి, అనుమతి ఇచ్చింది నా బొటనవేలు.

అందుకే ఇది ఫోన్ సొంతదారుకంటే ఎక్కువగా, పక్కన కూర్చుని ఎక్కించేవాళ్లకు రాస్తున్నాను. కొడుకులు, కోడళ్లు, మనుమరాళ్లు, నాలాంటి షాపువాళ్లు. మా దగ్గరికి వచ్చే ఫోన్లు దాదాపు అన్నీ ఆండ్రాయిడ్ కాబట్టి దాని గురించే చెప్తాను. కంపెనీని బట్టి సెట్టింగ్స్‌లో పేర్లు కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

1. యాప్ లేకుండా పని అవుతుందా?

మొదట అడగాల్సింది ఇదే, మనం ఎప్పుడూ అడగనిదీ ఇదే. కరెంటు పోతే 1912కు ఫోన్ చేయొచ్చు. గ్యాస్ బండ ఫోన్ కాల్‌తోనే బుక్ అవుతుంది. బటన్ ఫోన్ ఉన్నవాళ్లు కూడా స్టార్ 99 హ్యాష్ కొట్టి బ్యాంకు బ్యాలెన్స్ చూసుకోవచ్చు, డబ్బు పంపొచ్చు. 2022లో వచ్చిన యూపీఐ 123పే కూడా అలాంటి ఫోన్ల కోసమే. ఏడాదికి రెండుసార్లు టికెట్ బుక్ చేసేవాళ్లకు వెబ్‌సైట్ చాలు. క్రోమ్‌లో తెరిచిన సైటుకు మీ కాంటాక్టుల పుస్తకం మొత్తం తిరగేసే దారి ఉండదు, యాప్‌కు ఉంటుంది.

బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్‌లో "మా యాప్ వేసుకోండి సార్, యాభై రూపాయలు తగ్గుతాయి" అంటారు. ఆ యాభై ఎందుకు తగ్గిస్తున్నారో ఒక్క క్షణం ఆలోచించండి. నేనైతే పూర్తి ధర ఇచ్చి వస్తాను. మా ఆవిడ యాప్ వేసి, బిల్లు కట్టి, మెట్లు దిగేలోపు తీసేస్తుంది. మా ఇద్దరిలో ఎవరు తెలివైనవాళ్లో ఇంకా తేలలేదు.

2. ఎక్కడి నుంచి వస్తున్నది?

కాక విషయంలో యాప్ తప్పదు. అలాంటప్పుడు అసలుదే వేస్తున్నామా అన్నది చూడాలి. వాట్సాప్‌లో ఫైలుగా వచ్చిన యాప్‌ను, అంటే పేరు చివర ఏపీకే అని ఉన్నదాన్ని, ఎవరు పంపినా వేయొద్దు. అల్లుడు పంపినా సరే, ఊరి గ్రూపులో సర్పంచ్ పెట్టినా సరే. 'పీఎం కిసాన్', 'ఆర్టీఓ చలాన్', బ్యాంకు రివార్డ్ పాయింట్లు, చివరికి పెళ్లి పత్రిక పేరుతో కూడా ఇవి తిరుగుతున్నాయి. పెళ్లి పత్రిక అంటే ఫోటోగానో పీడీఎఫ్‌గానో రావాలి. దానికి ఇన్‌స్టాల్ అనే మాటే ఉండదు.

పరాయివాడి ఫైలు అల్లుడి నంబర్ నుంచి ఎలా వచ్చింది? ముందు అల్లుడి ఫోన్ దొరికిపోయింది. దొంగ యాప్ అక్కడ దూరి, అతని వాట్సాప్ నుంచి అందరికీ తనను తానే పంపుకుంది. అంటే మనకు బాగా తెలిసిన నంబర్ నుంచి రావడమే ఈ మోసానికి బలం. లోపలికి వచ్చాక అది మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. అది దొరికితే బ్యాంకు ఓటీపీలు మీకంటే ముందే వాళ్లకు చేరతాయి.

మెసేజ్‌లు, కాల్ లిస్టు చదివే అనుమతిని అసలు పనికి అవసరమైన యాప్‌లకు తప్ప ఇవ్వకూడదని గూగుల్ 2019 నుంచి ప్లే స్టోర్‌లో కట్టడి పెట్టింది. వాట్సాప్‌లో వచ్చే ఫైలుకు ఆ కట్టడి లేదు, అందుకే దొంగలు ఆ దారి పట్టారు. ఫోన్ కూడా ఊరికే ఉండదు, 'తెలియని చోటు నుంచి వస్తున్నది' అని అడ్డు చెబుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి నుంచి వచ్చిన యాప్‌లకు కొన్ని ప్రమాదకరమైన సెట్టింగులు మసకగా మారి నొక్కుడు పడవు. అవతలివాడు ఫోన్ చేసి "పైన మూడు చుక్కలు నొక్కి పర్మిషన్ తెరవండి" అని దారి చెబుతున్నాడంటే, ఆ తాళాన్ని మీ చేత్తోనే తీయిస్తున్నాడు.

ప్లే స్టోర్‌లో కూడా పేరు కొట్టగానే మొదట వచ్చింది అసలుది అనుకోవద్దు. పైన ప్రకటన కింద వేరేవాళ్ల యాప్ ఉండొచ్చు. పేరు కింద చిన్న అక్షరాల్లో తయారు చేసిన సంస్థ పేరు ఉంటుంది, అది చూడాలి. ప్రభుత్వ పథకం యాప్ అయితే ఇంకా మంచి పద్ధతి ఉంది. ఆ శాఖ వెబ్‌సైట్ తెరిచి, అక్కడున్న ప్లే స్టోర్ గుర్తు మీద నొక్కి రావాలి. కాక ఫోన్లో అలాగే వచ్చాను.

3. ప్లే స్టోర్ పేజీలో రెండు నిమిషాలు

2022 నుంచి ప్రతి యాప్ పేజీలో డేటా సేఫ్టీ అనే భాగం ఉంది. ఏ సమాచారం తీసుకుంటారు, ఎవరికి ఇస్తారు, తీసేయమని అడగొచ్చా అన్నవి అక్కడ ఉంటాయి. అది యాప్ తయారు చేసినవాళ్లు తమ గురించి తాము రాసుకున్నది. పెళ్లి సంబంధం బయోడేటా లాంటిది అనుకోండి: అబద్ధమే రాస్తారని కాదు, కానీ నాలుగు ఇళ్లలో అడగకుండా పిల్లనివ్వం కదా. ఆ నాలుగు ఇళ్లు రివ్యూలు. ఐదు స్టార్లవి వదిలేయండి. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లవి, అందులోనూ కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని పది చదవండి. "తీసేసినా ఫోన్లు వస్తున్నయి", "మా బంధువులకు మెసేజ్‌లు పంపిండ్రు" లాంటివి రెండు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి.

4. అడిగింది ఇవ్వాలా?

అసలు పని ఇక్కడే. 2015లో ఆండ్రాయిడ్ 6 రాకముందు, యాప్ వేయాలంటే అడిగినవన్నీ ముందే ఒప్పుకోవాలి, లేదంటే యాప్ లేదు. ఇప్పుడు ఒక్కోదాన్నీ అవసరం పడినప్పుడు విడిగా అడుగుతుంది. ఈ సౌకర్యం వచ్చి ఇన్నేళ్లైనా మనం పాత పద్ధతిలోనే అన్నిటికీ తలూపుతున్నాం. ఫోన్‌లో వచ్చే తెలుగు కూడా ఒక కారణం. ఆ వాక్యాలు తెలుగులోనే ఉన్నా మా పెద్దమ్మకు అర్థం కావు. అందుకే షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. బాక్స్ వచ్చినప్పుడు దాన్ని మామూలు మాటల్లోకి మార్చి ఫోన్ సొంతదారును అడుగుతాను, వాళ్లు చెప్పాకే నొక్కుతాను. "నీ ఫోన్ల ఉన్న అందరి నంబర్లు వీళ్లకు ఇయ్యాల్నంట, ఇద్దామా పెద్దమ్మా?" అంటే ఏ పెద్దమ్మా వెంటనే ఊ అనదు. "ఎందుకంట?" అంటుంది. సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అదే.

స్టవ్ బాగు చేయడానికి వచ్చినవాడు వంటింట్లోకి రావొచ్చు, బీరువా తాళం అడిగితే ఇవ్వం. ప్రతి అనుమతినీ ఆ లెక్కనే చూడాలి.

కాంటాక్టులు: వాట్సాప్ లాంటి వాటికి పనికొస్తాయి. ఆట యాప్‌కు, ఫోటో అందంగా చేసే యాప్‌కు అక్కర్లేదు. ఇంకో సంగతి, ఆ నంబర్లు మనవి కావు. ఆడబిడ్డ నంబరు, ఆర్‌ఎంపీ డాక్టర్ నంబరు, పుణెలో పనికి పోయిన తమ్ముడి మేస్త్రి నంబరు ఇచ్చేటప్పుడు వాళ్లనెవరూ అడగరు.

మెసేజ్‌లు: యూపీఐ యాప్ మొదటిసారి మీ సిమ్ నుంచి బ్యాంకుకు ఒక ఎస్సెమ్మెస్ పంపి, ఈ నంబర్ ఈ ఫోన్లోనే ఉందని తేల్చుకుంటుంది. అక్కడ అడగడంలో న్యాయం ఉంది. మిగతా యాప్‌లు ఓటీపీ కోసమంటూ అడిగితే వద్దనండి. ఆరు అంకెలు చేత్తో కొట్టడానికి ఎంతసేపు పడుతుంది?

ఫోటోలు: దీన్ని మనం చాలా తేలిగ్గా తీసుకుంటాం. మా దగ్గరికి వచ్చేవాళ్ల గ్యాలరీ తెరిస్తే పండుగ ఫోటోల మధ్య ఆధార్ ముందూ వెనకా, పట్టాదార్ పాస్‌బుక్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పాన్ కార్డు వరుసగా ఉంటాయి. జిరాక్స్ కోసం తీసినవి, కొడుకుకు వాట్సాప్ చేసినవి. కాక ఆధార్ నంబర్ కొట్టడానికి భయపడ్డాడు, కానీ చలాన్ పేరుతో దూరిన యాప్‌కు గ్యాలరీ అనుమతి ఇచ్చి ఉన్నాడు. భూమి కాగితాలతో సహా అన్నీ దాని ముందు పెట్టినట్టే. ఆండ్రాయిడ్ 14 నుంచి అన్ని ఫోటోలూ కాకుండా ఎంచుకున్నవి మాత్రమే ఇచ్చే వీలుంది, ఉంటే అదే నొక్కండి. కాగితాల ఫోటోలను గ్యాలరీ నుంచి, ఆ తర్వాత ట్రాష్ నుంచి కూడా తీసేయండి. డిజీలాకర్‌లో ఆధార్ ఉంటే చాలు. ఎవరికైనా కాపీ ఇవ్వాల్సి వస్తే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్డ్ ఆధార్, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులో దొరుకుతుంది. షాపుకు వాట్సాప్‌లో వచ్చిన కాగితాలన్నీ నేను రాత్రి షట్టర్ దించే ముందు తీసేస్తాను. మీరు వెళ్లే షాపులో తీస్తున్నారో లేదో అడగడానికి మొహమాటపడొద్దు.

లొకేషన్: 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అన్నది ఎంచుకుంటే దాదాపు అన్నిటికీ సరిపోతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి కచ్చితమైన చోటు కాకుండా ఉజ్జాయింపుగా ఇచ్చే వీలు వచ్చింది. వాన కబురు చెప్పే యాప్‌కు మీ చెలక ఏ గట్టు పక్కన ఉందో అక్కర్లేదు, మండలం తెలిస్తే చాలు. ఆటో, క్యాబ్ యాప్‌లకు కచ్చితమైనది ఇవ్వక తప్పదు.

మైక్, కెమెరా: "మేం ఫ్రిజ్ గురించి మాట్లాడుకున్నాం, ఫోన్లో ఫ్రిజ్ ప్రకటన వచ్చింది" అని వారానికి ఒకరైనా చెబుతారు. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోన్లలో యాప్ మైక్ గానీ కెమెరా గానీ వాడుతుంటే తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు వస్తుంది. అది లేనప్పుడు వచ్చిన ప్రకటనకు వేరే కారణం వెతకాలి. మీరు వెతికినవి, తిరిగిన చోట్లు, వాడిన యాప్‌లు కలిపితేనే ప్రకటనలవాళ్లకు కావాల్సినంత తెలుస్తుంది.

ఇక మూడు పెద్ద తాళాలు ఉన్నాయి. ఒకటి యాక్సెసిబిలిటీ. చూపు సరిగా లేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించడానికి పెట్టిన సౌకర్యం ఇది. దొంగ యాప్ చేతిలో పడితే తెర మొత్తం చదువుతుంది, మీ బదులు అదే నొక్కుతుంది. రెండోది నోటిఫికేషన్లు చదివే అనుమతి. నోటిఫికేషన్లు పంపడానికి అడిగేది వేరు, చదవడానికి అడిగేది వేరు, జాగ్రత్తగా చూడండి. ఓటీపీ నోటిఫికేషన్‌గానే కదా వచ్చేది. మూడోది ఇతర యాప్‌ల మీద కనిపించే అనుమతి, దాంతో బ్యాంకు తెర మీద నకిలీ తెర కప్పొచ్చు. ఈ మూడూ పెద్దవాళ్ల ఫోన్లో కొత్త యాప్ దేనికీ నేను ఇవ్వను.

ఏం నొక్కాలో తెలియకపోతే వద్దు అనే నొక్కండి. పని ఆగితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎప్పుడైనా ఇవ్వొచ్చు. ఆండ్రాయిడ్ 11 నుంచి రెండుసార్లు వద్దంటే యాప్‌కు మళ్లీ ఆ బాక్స్ చూపించే వీలుండదు, పోరు తప్పుతుంది. 'ఈ ఒక్కసారికి' అన్నది కూడా అప్పుడే వచ్చింది. అనుమానం ఉన్నచోట నాకు బాగా నచ్చిన బటన్ అదే.

2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలని చెబుతోంది. నోటీసును తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో చదివే వీలు కూడా ఇవ్వాలి. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. అంతవరకు మన బొటనవేలే మనకు చట్టం.

5. అప్పు ఇచ్చే యాప్‌లు

వీటికి వేరే లెక్క. 2020లో కరోనా కష్టకాలంలో ఐదు వేలు, పది వేలు యాప్‌లో తీసుకున్నవాళ్లు వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నారు. ఆ డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. వేధింపులకు ముడిసరుకు కాంటాక్టుల అనుమతి. వాయిదా ఒక్కరోజు దాటితే మేనమామకు, పని ఇచ్చే సేటుకు, చిన్నప్పటి టీచర్‌కు ఫోన్ పోయేది. అప్పు తీసుకున్న మనిషికి డబ్బుకంటే పరువు భారమైంది.

2021 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ దీనిమీద ఒక బృందాన్ని వేసింది, 2022 సెప్టెంబర్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. అప్పు యాప్ కాంటాక్టులు, కాల్ లిస్టు, ఫైళ్ల జోలికి పోకూడదు. కెమెరా, మైక్, లొకేషన్ కూడా కేవైసీ (మీరెవరో తేల్చుకునే తనిఖీ) లాంటి పనికి ఒక్కసారి, మీరు ఒప్పుకుంటేనే. గూగుల్ కూడా 2023 మే 31 నుంచి అప్పు యాప్‌లకు ఫోటోలు, కాంటాక్టులు ఇవ్వొద్దని ప్లే స్టోర్‌లో నిషేధించింది. కాబట్టి పరీక్ష చాలా తేలిక. అప్పు యాప్ కాంటాక్టులు అడిగిందా? ఇంకేం చూడక్కర్లేదు, తీసేయండి.

అడగకపోయినా ఆగి, రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో 2025 జులై 1 నుంచి ఉన్న డిజిటల్ అప్పు యాప్‌ల జాబితాలో పేరు వెతకండి. అది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తామే ఇచ్చిన వివరాల జాబితా, మంచి యాప్ అని ఇచ్చే సర్టిఫికెట్ కాదు. కానీ అందులో కూడా లేనిదాన్ని ముట్టుకునే పనే లేదు. అప్పు ఏ బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఇస్తున్నదో యాప్‌లో స్పష్టంగా కనిపించాలి, వడ్డీ, ఛార్జీలన్నీ కలిపి చూపే పత్రం సంతకానికి ముందే చేతికి రావాలి.

6. పాత ఫోన్ దులపడం

సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్తే పర్మిషన్ మేనేజర్ ఉంటుంది. యాప్ ప్రకారం కాకుండా అనుమతి ప్రకారం చూడండి: లొకేషన్ నొక్కితే దాన్ని ఎవరెవరు వాడుకుంటున్నారో ఒకేచోట కనిపిస్తుంది. ఎప్పుడూ చూసే అనుమతి ఉన్న యాప్‌లను ఒక్కొక్కటిగా 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే'కు మార్చండి. ఆండ్రాయిడ్ 12, ఆపైన ప్రైవసీ డ్యాష్‌బోర్డ్‌లో గత 24 గంటల్లో మైక్, కెమెరా, లొకేషన్ ఎవరు ఎన్ని గంటలకు వాడారో ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి లొకేషన్ చూసిన ఆట యాప్‌ను మా మేనల్లుడి ఫోన్లో ఇలాగే పట్టుకున్నాను. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్‌లోకి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే ప్రకటనలవాళ్లు మీ ఫోన్‌ను గుర్తుపట్టే నంబర్, కూడా తీసేయండి.

యాప్ తీసేస్తే మీ వివరాలు పోయినట్టు కాదు, వాళ్ల దగ్గర అకౌంట్ అలాగే ఉంటుంది. ముందు యాప్ లోపల అకౌంట్ డిలీట్ చేసి, తర్వాత యాప్ తీయాలి. అకౌంట్ పెట్టించుకునే యాప్‌లు డిలీట్ చేసే దారి కూడా ఇవ్వాలని ఇప్పుడు ప్లే స్టోర్ నియమం.

7. దొంగ యాప్ దూరిందని తెలిస్తే

కాక ఫోన్లో చేసింది వరుసగా చెప్తాను. మొదట ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూశాను. సిమ్ బయటికి తీశాను. నా ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, కార్డు ఆపించాం. డబ్బు పోలేదు, అదృష్టం. పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

తర్వాత ఆ యాప్ పేరు, వచ్చిన వాట్సాప్ మెసేజ్, సమయం అన్నీ వేరే ఫోన్‌తో ఫోటోలు తీశాం. కంగారులో అన్నీ తుడిచేస్తే ఫిర్యాదుకు ఆధారం మిగలదు. ఆ పైన యాప్ తీయబోతే పోలేదు, అన్‌ఇన్‌స్టాల్ బటన్ మసకగా ఉంది. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్‌లు (ఫోన్ మీద పెత్తనం ఇచ్చిన యాప్‌లు) అని వెతికి, అక్కడ దానికున్న టిక్ తీస్తేనే కదిలింది. కొన్ని గుర్తు కనిపించకుండా దాక్కుంటాయి, కాబట్టి యాప్‌ల పూర్తి జాబితాలో చూడాలి. ఎంతకీ పోకపోతే ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే. యూపీఐ పిన్, ఈమెయిల్ పాస్‌వర్డ్ ఫోన్ శుభ్రమయ్యాక మార్చాలి, ముందు మారిస్తే కొత్తవి కూడా దొంగకు తెలుస్తాయి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, తెలియనివి ఉంటే లాగౌట్ చేయాలి.

చివరగా, ఆ ఫోన్ నుంచి ఎంతమందికి ఆ ఫైలు పోయిందో చూశాం. నలభై మూడు చాట్‌లు. అక్షరాలు రాసి పెడితే ఎవరూ చదవరని కాకతోనే వాయిస్ మెసేజ్ పెట్టించాను: "నా నంబర్ నుంచి చలాన్ అని ఏదో వచ్చింటది, దాన్ని ఒత్తకుండ్రి, ఒత్తినోళ్లు నాకు ఫోన్ చేయుండ్రి." మొదటి ఫోన్ అల్లుడి నుంచే వచ్చింది. కపాస్ కిసాన్‌లో స్లాట్ మరుసటి రోజు బుక్ చేశాం.